జాబితాలో పదిహేడో మనిషి

హెక్‌డేల్,
2 మే 1893.

అక్కా,

మూడు వారాలుగా జవాబు రాయలేదని నువ్వు మండిపడుతూ ఉంటావు. ఇది చదివాక, రాయకుండా ఉన్నా బాగుండేదే అంటావేమో. మా ఊళ్ళో మశూచి పడింది.

నా గురించి కంగారు పడకు. నేను పుట్టేనాటికి పిల్లలందరికీ టీకా వేయించాలనే చట్టం వచ్చేసింది కాబట్టి నాకూ తప్పలేదు. ఈ ఉద్యోగంలో చేరినప్పుడు మళ్ళీ గుచ్చారు. పారిశుధ్య ఇన్‌స్పెక్టరంటే మురుగు కాలవలు, పందుల దొడ్లు, సంతలో కుళ్ళిన చేపలు చూసుకుంటే చాలన్నారు. తాపీపని వదిలేసి హాయిగా టోపీ పెట్టుకుని తిరగొచ్చనుకున్నాను. ఇప్పుడు నా పనల్లా మనుషుల్ని వెతికి పట్టుకోవడం.

టెంటర్ యార్డ్‌లో లావీనియా సగ్డెన్ అనే వితంతువు ఉంది. ఆవిడ ఇంట్లో అద్దెకుండే జేబెజ్ ఆడీ పాత గుడ్డలు ఏరే కార్ఖానాలో పనిచేస్తాడు. ఎక్కడెక్కడి గుడ్డలో మూటలు కట్టి తెస్తారు, వాటిల్లో ఏ మూట మోసుకొచ్చిందో ఈ జబ్బుని. మా డాక్టరు పాంఫ్రెట్ గారు అతని ముఖం చూసీ చూడగానే బండి తెప్పించి, గుట్ట మీదున్న మశూచి షెడ్డుకి పంపేశారు. మేం పరుపు తగలబెట్టి, ఇంటినిండా గంధకం పొగ పెట్టాం. తర్వాత మొదలైంది నా అసలు పని. ఆ వారంలో అతనితో తిన్నదెవరు, పడుకున్నదెవరు, పక్కన కూర్చుని కబుర్లాడిందెవరు? వాళ్ళందరినీ పదహారు రోజుల పాటు రోజూ చూడాలి. జ్వరమా, నడుం నొప్పా, పొక్కులా అని అడగాలి. అన్నాళ్ళూ వాళ్ళు ఇల్లు కదలకూడదు. రొట్టె, బంగాళాదుంపలు మేమే పంపుతాం.

మొదట్లో జేబెజ్ దగ్గరికి పురుగు కూడా రాలేదన్నారు. వాళ్ళ ఇళ్ళలో నేను టీ తాగుతూ కదలకుండా కూర్చుంటే ఒక్కొక్కరే బయటపడ్డారు. గడ్డం గీసిన మంగలి, ప్రార్థనలో ఒకే పాటల పుస్తకం పంచుకున్న పెద్దాయన, అతని చెరువు చేపల కథలు విన్న నలుగురు. ఒకాయన నన్ను చూసి బొగ్గుల గదిలో దూరాడు. బయటికొచ్చేసరికి నల్లగా నిగనిగలాడుతున్నాడు, పొక్కులున్నాయో లేవో ఎలా తెలుస్తుంది? బకెట్టు నీళ్ళు తెచ్చి నేనే ముఖం కడిగాను.

జాబితాలో మొత్తం పదిహేడు మంది. పదహారు మంది దొరికారు. పదిహేడోది లావీనియా సగ్డెన్ మేనకోడలు, టాబిత పెల్ అని పద్దెనిమిదేళ్ళ పిల్ల. జేబెజ్ పక్క బల్ల దగ్గరే గుడ్డలు ఏరేది. బండి వచ్చిన రోజే మాయమైంది. ఓడెక్కడానికి లివర్‌పూల్ వెళ్ళిందని మేనత్త అంటోంది.

ఉంటాను. తెల్లారితే ముందు లావీనియా గారింటికే వెళ్ళాలి. ఆవిడ టీ బాగా కాస్తుంది. ఆ ముఖం ఒకసారి వెలుతుర్లో చూసుకుంటే గానీ నాకు రోజు మొదలవదు.

గంధకం కంపుతో నీ తమ్ముడు,
ఆల్బన్


శాండ్‌బీ,
5 మే.

ఒరేయ్ ఆల్బన్,

నీ ఉత్తరంలో మశూచి సంగతంతా చదివాను గానీ నాకు కావలసింది చివరి మూడు లైన్లే. ముప్ఫై తొమ్మిదేళ్ళు వచ్చాక నా తమ్ముడికి ఒక ముఖం చూస్తే గానీ తెల్లారడం లేదన్నమాట. వయసెంత? పిల్లలున్నారా? టీ బాగా కాస్తుందన్నావు, రొట్టె కూడా చేస్తుందా, లేక కొట్లో కొంటుందా? కొనేదైతే మరోసారి ఆలోచించు.

ఇక్కడ నా బస ఇంటికి సున్నం వేయించాను. ఇరవయ్యో తారీకు నుంచి పండగ వారం, సముద్రం చూడ్డానికి జనం దిగుతారు. గదులన్నీ ముందే మాటైపోయాయి. ప్రస్తుతానికి క్రాబ్‌ట్రీ అని పియానోలు సరిచేసే ఆయన, ఆయన భార్య ఉన్నారు. ఆయనకి ఏ శబ్దమూ నచ్చదు, నా తలుపు కిర్రుమంటే కూడా అది ఏ స్వరమో చెబుతాడు.

నా అదృష్టం కొద్దీ సోమవారం ఒక పనిపిల్ల దొరికింది, రోజ్ అని. చేతిలో చిన్న మూటతో వచ్చి గుమ్మంలో నిలబడింది. ఎవరు పంపారని అడిగితే సముద్రపు గాలి పంపిందంది. ఆ జవాబు నచ్చి పెట్టేసుకున్నాను. దుప్పట్లు సర్దడం చూడాలి నువ్వు. చేయి తగిలితే చాలు, ఇది ఉన్ని, ఇది నూలు, ఇందులో సగం కల్తీ అని చెప్పేస్తుంది. దుకాణం వాడు నన్నెన్నేళ్ళుగా మోసం చేస్తున్నాడో ఇప్పుడు తెలిసింది.

నీ ఉద్యోగం గురించి ఒక్క మాట. రోగమొచ్చినవాళ్ళని బండికెత్తి తీసుకుపోవడం నాకు నచ్చదు. ఆ టీకాలూ నచ్చవు. మా పసిపిల్ల హన్నా చేయి టీకాతోనే పుండై, మూడు వారాల్లో పోయింది. రూబెన్ పుట్టాక వాడికి వేయించనని మీ బావ ఏడు రోజులు జైల్లో కూర్చున్నాడు. రూబెన్ ఇప్పుడు హెర్రింగ్ చేపల పడవ మీద ఉత్తరాన దుక్కలా ఉన్నాడు. నీతో వాదం పెట్టుకోను. ఆ లావీనియానైనా బండెక్కించకు.

ముందుగానే ఆశీర్వదిస్తూ,
మీ అక్క హెస్టర్


హెక్‌డేల్,
7 మే, ఆదివారం.

అక్కా,

లావీనియా సగ్డెన్‌కి యాభై ఆరేళ్ళు. నేనామె ముఖం చూసేది పొక్కులొచ్చాయేమోనని. నిన్న నువ్వు రాసింది చదివి నవ్వాపుకోలేకపోయాను, పొద్దున ఆవిడ ఎదుట గుర్తొచ్చి మళ్ళీ నవ్వాను. ఆవిడ తన ముఖం మీద ఏదో చూశాననుకుని అద్దం దగ్గరికి పరుగెత్తింది. ఇదంతా నీ వల్లే.

ఊళ్ళో నా పరపతి బాగుంది. ఇవాళ ప్రార్థనలో నేను కూర్చున్న బల్ల మీద ఇంకెవరూ కూర్చోలేదు. కాళ్ళు చాపుకుని విన్నాను.

టాబిత ఇంకా దొరకలేదు. లివర్‌పూల్ వాళ్ళకి తంతి ఇస్తే అలాంటి పిల్ల ఏ ఓడా ఎక్కలేదన్నారు. పోలికలు అడిగితే ఒకరు పొడుగంటారు, ఒకరు పొట్టంటారు. మంగలైతే జుట్టు నల్లగా ఉంటుందని చెప్పి, కాసేపాగి, తను ఆడవాళ్ళ జుట్టు పట్టించుకోనన్నాడు. వాళ్ళ మేస్త్రీ మాత్రం కార్ఖానా మొత్తంలో అంత చురుకైన చెయ్యి లేదన్నాడు. ఆ పిల్లకి టీకా వేయలేదు. జబ్బు తగిలి ఉంటే పదో తారీకు అటూ ఇటూగా బయటపడుతుంది. ఎవరి ఇంట్లో, ఎంతమంది మధ్య ఉందో. అదీ నా దిగులు.

నీ హన్నా విషయం నేను మర్చిపోలేదు. ఆ రోజుల్లో ఒక పిల్ల చేతి పొక్కు నుంచి రసి తీసి ఇంకో పిల్ల చేతికి గుచ్చేవాళ్ళు. ఇప్పుడలా కాదు. అంతకు మించి నేనూ వాదించను.

నీకు మంచి పనిపిల్ల దొరికినందుకు సంతోషం. మొత్తానికి మనిద్దరిలో ఒకరికైనా కావలసిన మనిషి దొరికింది.

ఖాళీ బల్ల మీద కాళ్ళు చాపుకుని,
ఆల్బన్


శాండ్‌బీ,
11 మే.

తమ్ముడూ,

అమ్మ నడుం నొప్పికి ఆవాల పట్టీ ఎలా వేసేదో గుర్తుంటే వెంటనే రాయి. పాళ్ళు మరిచిపోయాను. మా రోజ్‌కి రెండు రోజులుగా ఒళ్ళు కాలిపోతోంది, నడుం విరిగిపోతోందంటోంది. మేడ మీదికి బొగ్గులు మోసి ఉంటుంది, నేనే వద్దనాల్సింది. వంటింటి వెనక చిన్న గదిలో పడుకోబెట్టి గంజి పోస్తున్నాను.

జ్వరంలో ఏవేవో మాట్లాడుతోంది. బండి ఎక్కించొద్దని ఒకటే గొడవ. ఇక్కడ ఒడ్డున పిల్లల్ని తిప్పే గాడిద బండిని చూసి జడుసుకుందేమోనని, ఆ గాడిద చాలా మంచిదని చెప్పి చూశాను. ఇంకా ఏడ్చింది.

క్రాబ్‌ట్రీ దంపతులు ఇవాళ పొద్దున్నే హల్ పట్నం వెళ్ళిపోయారు, అక్కడేదో పెళ్ళిలో ఆయన పియానో వాయించాలట. ఇల్లంతా దులిపి పండగ వారానికి సిద్ధం చేయాలి, సాయం చేసే పిల్ల చూస్తే మంచం మీద ఉంది. ఆవాల సంగతి మర్చిపోకు.

తొందరలో,
హెస్టర్


హెక్‌డేల్,
12 మే, పొద్దున్న పది గంటలు.

అక్కా,

ఆవాల పట్టీ వేయకు. తలుపులు మూసెయ్యి. ఆ పిల్ల రోజ్ కాదు, టాబిత పెల్.

ఉన్నిని, నూలుని చేత్తో చెప్పగలదని నువ్వు రాస్తే చదివి, బాగుందనుకుని మడిచి జేబులో పెట్టుకున్నాను. ఊరంతా వెతికినవాణ్ణి, నా జేబులో చూసుకోలేదు. మీ ఊరి డాక్టరు ఇంగిల్‌బీ గారికి ఇప్పుడే తంతి ఇచ్చాను. నీకు చెప్పకుండా ఇచ్చినందుకు తిడతావు. తిట్టు. ఉత్తరం చేరేదాకా ఆగే వ్యవధి లేదు.

ఈ నాలుగు రోజుల్లో మీ ఇంటి గుమ్మం తొక్కినవాళ్ళ పేర్లన్నీ రాసిపెట్టు. నీకు టీకా లేదు, ఆ పిల్లకి గంజి పోసేది నువ్వే. డాక్టరు చెప్పినట్టు విను, ఈ ఒక్కసారికి.

ఆల్బన్


శాండ్‌బీ, మశూచి గుడిసె,
13 మే.

ఒరేయ్,

నా జీవితంలో ఒక్క మంచి పని చేయబోతుంటే అది కూడా నువ్వే కొట్టేశావు.

నిన్న పొద్దున ఆ పిల్ల ముఖం తుడుస్తుంటే నుదుటి మీద, మణికట్ల మీద పొక్కులు కనిపించాయి. చూడగానే తెలిసింది. నిజం చెబుతున్నాను, ముందు తలుపు గడియ వేశాను, దాచేద్దామనే. తర్వాత కుర్చీలో కూలబడి, పండగ వారానికి రాబోయే ఇరవై ముగ్గురినీ, వాళ్ళ పిల్లల్నీ తలుచుకున్నాను. లేచి టోపీ పెట్టుకున్నాను. డాక్టరుగారింటికి వెళ్దామని తలుపు తీస్తే ఆయనే ఎదురుగా ఉన్నాడు, ఒక చేతిలో నీ తంతి, వెనకాల బండి. నేనే వస్తున్నానంటే నమ్మలేదు. మీ తమ్ముడు మంచివాడమ్మా అంటాడు. నిన్నూ ఆయన్నీ కలిపి సముద్రంలో పడేయాలనిపించింది.

బండి చప్పుడు వినగానే ఆ పిల్ల మంచం కోడు పట్టుకుంది. అప్పుడు చెప్పింది. అయిదేళ్ళ కిందట మీ హెక్‌డేల్‌లోనే వాళ్ళమ్మని ఇలాగే తీసుకుపోయారట. షెడ్డు దరిదాపులకి ఎవర్నీ రానివ్వలేదు. పాతిపెట్టాక వచ్చి చెప్పారు.

"అమ్మగారూ, ఆ బండి ఎక్కితే మళ్ళీ రాను. మా అమ్మ రాలేదు" అంది.

"నేనూ ఎక్కుతాను. ఇద్దరం కలిసే వద్దాం" అన్నాను.

నోటికొచ్చింది అనేశాను, కానీ అన్నాక వెనక్కి తీసుకోవాలనిపించలేదు. డాక్టరు మాత్రం టీకా లేకుండా లోపలికి పంపనన్నాడు. ఆ సూదిని నా కళ్ళెదుట మరిగించమన్నాను. ఆ రసి ఎవరి చేతి నుంచి తెచ్చారని అడిగితే, దూడ నుంచి తీసిందని గాజు గొట్టం చూపించాడు. చెయ్యి చాపాను. పైనున్న మీ బావకి మనసులో చెప్పుకున్నాను: జాషువా, నువ్వు జైలుకెళ్ళింది ఒక బిడ్డ కోసం, నేనిది చేస్తున్నదీ ఒక బిడ్డ కోసమే, కోప్పడకు. కోప్పడ్డట్టు అనిపించలేదు.

గుడిసె చెక్కలతో కట్టింది, గాలొస్తే మూలుగుతుంది. రెండు మంచాలు, ఒక పొయ్యి. నర్సు అనే ప్రాణి లేదు, కాబట్టి నేనే నర్సుని. గుమ్మం తొక్కినవాళ్ళు తొమ్మండుగురు, వెనక కాగితం మీద రాశాను. క్రాబ్‌ట్రీలు హల్‌లో ఎక్కడున్నారో తెలియదు. పండగ వారం వాళ్ళందరికీ రావద్దని డాక్టరు గుమస్తా రాస్తున్నాడు, కారణంతో సహా. నేనే రాయమన్నాను.

రోగం అంటకుండా ఈ ఉత్తరాన్ని పొయ్యిలో వేడి చేసి గానీ పంపరట. నా కోపం చల్లారకుండానే నీకు చేరుతుంది.

హెస్టర్


హెక్‌డేల్,
18 మే.

అక్కా,

నీ ఉత్తరం అంచులు మాడి, వేయించిన కాగితంలా వచ్చింది. పదిసార్లు చదివాను. తలుపు నువ్వే తీశావన్న మాట నేను నమ్ముతున్నాను. నా డైరీలో కూడా అలాగే రాశాను: గృహిణి స్వయంగా తెలియజేయబోతుండగా, అని. మా డాక్టరుగారు దాని కింద సంతకం పెట్టారు. చాలా?

క్రాబ్‌ట్రీల కోసం హల్ ఇన్‌స్పెక్టరుకి తంతి కొట్టాను. పియానోలు అమ్మే దుకాణాల్లో అడగమన్నాను. నాలుగో దుకాణంలో తెలిసింది, మొన్న ఒకాయన వచ్చి అక్కడున్న పియానోలన్నీ తప్పు పలుకుతున్నాయని గొడవపడి వెళ్ళాడని. మన మనిషే. పెళ్ళి విందు మధ్యలో పట్టుకున్నారట. ఇద్దరికీ మళ్ళీ టీకా వేశారు, ఇద్దరూ క్షేమం. నీ జాబితాలో మిగిలినవాళ్ళని డాక్టరు ఇంగిల్‌బీ రోజూ చూస్తున్నారు.

లావీనియా గారికి టాబిత సంగతి చెప్పాను. చాలాసేపు ఏడ్చింది. తర్వాత ముక్కు తుడుచుకుని, "అబద్ధం చెప్పాను ఇన్‌స్పెక్టరు గారూ. ఆ షెడ్డు అలాగే ఉన్నంతకాలం మళ్ళీ చెప్తాను" అంది.

ఇన్నాళ్ళూ టాబిత నా నుంచి పారిపోయిందనుకున్నాను. నిజానికి అయిదేళ్ళ కిందట మావాళ్ళు చేసిన దాన్నుంచి పారిపోయింది. వెళ్ళి డాక్టరుగారితో చెప్పాను. ఆయన ఒక పైపు కాల్చాక, ఇంటివాళ్ళని చూడనివ్వడానికి ఒప్పుకున్నారు. నిన్న షెడ్డు బయట ఇరవై అడుగుల దూరంలో ఒక కంచె కట్టించాం. లోపలివాళ్ళకి కిటికీ దగ్గర మంచాలు వేశాం. ఇంటివాళ్ళు కంచె దగ్గర నిలబడి చూడొచ్చు, మాట్లాడొచ్చు. మొదట లావీనియా గారినే తీసుకెళ్ళాను. జేబెజ్ కోలుకుంటున్నాడు. కిటికీ లోంచి చేపల కథ ఒకటి అరిచి చెప్పాడు. ఆవిడ అది ముందే విన్నానని అరిచింది.

అక్కా, నీ చెయ్యెలా ఉంది? ఒక్క ముక్క రాయి.

రోజూ తపాలావాడి కోసం గుమ్మంలో నిలబడుతున్న,
ఆల్బన్


శాండ్‌బీ, మశూచి గుడిసె,
2 జూన్.

ఆల్బన్,

ముక్క రాయమన్నావు. రాసే స్థితి ఉంటే రాసేదాన్నే.

నా చెయ్యి గుమ్మడికాయలా వాచింది, రెండు రోజులు నిన్ను శపించాను, తర్వాత తగ్గింది. అంతకు మించి నాకేమీ రాలేదు. ఆ పిల్ల సంగతి వేరు. పండగ వారమంతా అది చావుబతుకుల్లో ఉంది. కళ్ళు వాచి మూసుకుపోయాయి. చేతులు గీరుకోకుండా నా పాత మేజోళ్ళు తొడిగాను. ఒడ్డున బ్యాండు వాయిస్తుంటే గాలికి ఇక్కడిదాకా వినిపించేది. నేను చూడకుండానే మా ఊరి పండగ జరిగిపోయింది. ఒక మధ్యాహ్నం ఊపిరి ఎంత మెల్లగా ఆడుతోందంటే, చెయ్యి ముక్కు దగ్గర పెట్టి చూడాల్సొచ్చింది. దాని చెవిలో, ఇద్దరం కలిసే వద్దామన్నాం గుర్తుందా, నన్నొక్కదాన్నే పంపితే ఊరుకోను అని చెప్పాను. వినిపించిందో లేదో. సాయంత్రం గంజి అడిగింది. ఉప్పు తక్కువైందంది. నేను గిన్నె కింద పెట్టి బయటికెళ్ళి ఇసకలో కూర్చుని బాగా ఏడ్చి, లోపలికొచ్చి ఉప్పు వేశాను.

గుడిసెలో అద్దం లేదు. ఉన్నా ఇచ్చేదాన్ని కాదు. మొన్న నేను బట్టలు ఉతుకుతుంటే అదే నడుచుకుంటూ వచ్చి, నీళ్ళ బకెట్టు మీదికి వంగింది. చాలాసేపు చూసుకుని, "ముక్కు మాత్రం అలాగే ఉంది. అదే బాగుండేది కాదు" అంది. ఇద్దరం నవ్వాం. ఆ తర్వాత అది గోడకేసి తిరిగి పడుకుంది. నేను దుప్పటి కప్పాను.

తొమ్మండుగురిలో ఒక్కరికీ రాలేదు. మా ఇంటికి ఈ ఏడాది ఎవరూ రారు, తెలుసు. డాక్టరు ఇంగిల్‌బీ ఈ గుడిసెకి పెద్ద నర్సుగా ఉండమంటున్నాడు. కిటికీలు పెద్దవి చేయిస్తేనే ఆలోచిస్తానన్నాను. కంచె సంగతి కూడా చెప్పాను. మా తమ్ముడి ఆలోచన అని చెప్పలేదు, నాదే అన్నాను. నీ తంతికి ఇది సరి.

ప్రేమతో,
మీ అక్క


హెక్‌డేల్,
26 జూన్.

అక్కా,

కంచె నీకిచ్చేశాను, ఉంచుకో.

నా పదిహేడు మందిలో ఇంకా ముగ్గురికి వచ్చింది. ఇద్దరు కోలుకున్నారు. జేబెజ్‌తో పాటల పుస్తకం పంచుకున్న పెద్దాయన పోయాడు. ఆయన కూతురు కంచె దగ్గర నాలుగు రోజులు నిలబడింది. పోయే ముందు ఆయన చెయ్యి ఊపడం చూశానంది. వెళ్తూ నాకు నమస్కారం చేసింది.

టాబిత క్షేమంగా చేరింది. లావీనియా గారు చేసిన హడావిడి నేను రాయలేను. నువ్వు పంపిన టోపీ అంచు బాగా వెడల్పుది, ముఖం కనబడకుండా వంచుకుని తిరుగుతోంది.

నిన్న రోప్ స్ట్రీట్‌లో ఒక ఇంట్లో పిల్లవాడికి పొక్కులని కబురొచ్చింది. తల్లి తలుపు తీయలేదు. లోపల్నుంచి బల్లలు జరిపి అడ్డం పెడుతున్న చప్పుడు. గంటసేపు బతిమాలాను. పోలీసుల్ని పిలుద్దామన్నారు పక్కవాళ్ళు. నాకు మనసొప్పలేదు. నేరుగా టెంటర్ యార్డ్‌కి వెళ్ళి, టాబితని ఒకసారి వస్తావా అని అడిగాను. వస్తుందనుకోలేదు. శాలువా కప్పుకుని నా వెంట నడిచింది.

వీధిలో ముప్ఫై మంది పోగయ్యారు. ఆ పిల్ల ఇంటి మెట్టు మీద కూర్చుంది. టోపీ తీసి పక్కన పెట్టుకుంది. అందరూ చూశారు. ఎండలో ఆ మచ్చలన్నీ ఎర్రగా కనిపిస్తున్నాయి. తల తిప్పకుండా తలుపుతో మాట్లాడింది.

"నేను టాబిత పెల్‌ని. ఎలెన్ పెల్ కూతుర్ని. మా అమ్మ ఆ షెడ్డు నుంచి రాలేదు. నేను అలాంటి దాన్నుంచే వచ్చాను. ఒకావిడ నాతోపాటు లోపలికి వచ్చింది, అందుకే బయటికి వచ్చాను. మీరు తలుపు తీస్తే మీ బాబుతో నేను వెళ్తాను. నాకు మళ్ళీ రాదు. వాడు నిద్రపోయేదాకా కూర్చుంటాను, లేచాక కూడా ఉంటాను."

లోపల, తలుపుకి అడ్డం పెట్టిన బల్లలు ఒక్కొక్కటే వెనక్కి జరిగాయి.

నీ తమ్ముడు,
ఆల్బన్